ఎస్3 బకెట్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు: షెడ్యూల్‌పై నడిచే నకలు, ప్రాజెక్టు డైరీ

సోమవారం: పని పరిధి

వేర్వేరు వ్యవస్థలు అమెజాన్ ఎస్3 (ఇంటర్నెట్ ద్వారా ఫైళ్లు దాచే సేవ) బకెట్‌లో, అంటే అందులోని ఒక ఫైళ్ల గూటిలో, ఉంచే ఫైళ్లను నిర్ణీత వేళల్లో చదివి, వాటిలోని సమాచారాన్ని నివేదికలకు వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి ఎప్పటికప్పుడు చేర్చడం ఈ ప్రాజెక్టు లక్ష్యం. వచ్చే ఫైళ్లు రెండు రకాలు. ఆర్డర్ల వ్యవస్థ గంటకొకసారి, ఆ గంటలో కొత్తగా నమోదైన లేదా మారిన ఆర్డర్లను జీజిప్‌తో కుదించిన సీఎస్‌వీ ఫైలుగా (విలువలను కామాలతో వేరుచేసిన టెక్స్ట్) పంపుతుంది. సరుకు నిల్వల వ్యవస్థ రోజుకొకసారి తన టేబుల్ మొత్తాన్ని పార్కే (కాలమ్‌ల వారీగా అమర్చిన బైనరీ రూపం) ఫైళ్లుగా దింపుతుంది. మొదటి దానిలో మార్పులు మాత్రమే ఉంటాయి, రెండవ దానిలో ఆ క్షణానికి ఉన్నదంతా ఉంటుంది. ఈ తేడా ఇప్పుడు చిన్నదిగానే కనిపిస్తున్నా, తొలగింపుల దగ్గరకు వచ్చేసరికి దాని బరువు తెలుస్తుంది.

బకెట్‌లోని ఫైళ్లనే నేరుగా ప్రశ్నించే సాధనాలు ఉండగా డేటాబేస్‌లోకి తేవడం ఎందుకని బృందంలో ఒక ప్రశ్న వచ్చింది. నివేదికలు ఈ సమాచారాన్ని డేటాబేస్‌లో ముందునుంచీ ఉన్న కస్టమర్ల టేబుళ్లతో జోడించి, క్షణాల్లో జవాబు ఇవ్వాలి. ఇండెక్సులు (వరుసలను వేగంగా వెతికే సూచికలు) లేకుండా అది సాధ్యపడదు కాబట్టి ఆ చర్చ ఎక్కువసేపు సాగలేదు.

షెడ్యూలా, ఈవెంట్లా అన్న చర్చ మాత్రం కొంత లోతుగా జరిగింది. ఫైలు చేరగానే ఎస్3 ఒక నోటిఫికేషన్ పంపగలదు; దానిని అందుకొని వెంటనే లోడ్ చేయవచ్చు. అయితే ఆ నోటిఫికేషన్లు కనీసం ఒక్కసారి అందుతాయన్నదే హామీ. అంటే ఒకటే రెండుసార్లు రావచ్చు, ముందు జరిగినది వెనుక రావచ్చు. పైగా అందుకునే ప్రోగ్రామ్ ఆగిపోయి ఉన్న సమయంలో ఏమేమి వచ్చాయో సరిచూసుకోవడానికి చివరికి బకెట్ జాబితాను చదవక తప్పదు. ఎలాగూ రాయవలసిన ఆ సరిచూపునే అసలు పద్ధతిగా పెట్టుకుంటే, గంట తాజాదనం చాలనుకునే ఈ నివేదికలకు ఈవెంట్ల అవసరం ఉండదు. ప్రతి 15 నిమిషాలకు ఒకసారి నడిచే షెడ్యూల్‌ను ఎంచుకున్నాం.

సమాచారాన్ని తరలించే ఎయిర్‌బైట్ వంటి సిద్ధమైన సాధనాలనూ చూశాం. పది రకాల మూలాలు ఉంటే వాటినే వాడేవాళ్లం. ఒకే బకెట్, రెండే రకాల ఫైళ్లు ఉన్నప్పుడు, ప్రతి అడుగునూ మనమే చదివి అర్థం చేసుకోగల చిన్న పైథాన్ ప్రోగ్రామే మేలని నా అభిప్రాయం.

మంగళవారం: ఏది కొత్త ఫైలు?

ఇటువంటి పనుల్లో చాలామంది మొదట రాసేది ఒకే నియమం: గత పరుగు ముగిసిన సమయాన్ని గుర్తుంచుకొని, అంతకంటే తర్వాత మారిన ఫైళ్లను తెచ్చుకోవడం. చూడడానికి ఎంత సులువుగా ఉన్నా, ఈ నియమానికి ఎస్3లో ఒక స్పష్టమైన గండి ఉంది. పెద్ద ఫైళ్లను ముక్కలుగా పంపే మల్టీపార్ట్ అప్‌లోడ్‌లో, ఫైలు మీద పడే ‘చివరి మార్పు’ సమయం అప్‌లోడ్ మొదలైనప్పటిది, ముగిసినప్పటిది కాదు. ఫైలు జాబితాలో కనిపించేది మాత్రం ముగిసిన తర్వాతే. 10:05కు మొదలై 10:25కు ముగిసిన ఫైలు, 10:15కు నడిచిన పరుగుకు కనిపించదు. 10:30కు నడిచిన పరుగు దానిని 10:15 కంటే పాతదిగా చూసి వదిలేస్తుంది. ఏ లోపమూ నమోదు కాకుండా ఒక ఫైలు శాశ్వతంగా తప్పిపోతుంది. అదీ అన్నింటికంటే పెద్ద ఫైలే.

ఫైళ్ల పేర్ల మీద ఆధారపడడం రెండవ మార్గం. ఎస్3 జాబితా పేర్ల బైట్ల క్రమంలో, పుటకు గరిష్ఠంగా 1,000 చొప్పున వస్తుంది. ఫలానా పేరు తర్వాత నుంచి ఇమ్మని అడిగే వీలూ ఉంది. పేరులో ఏడాది, నెల, తేదీ, గంట వరుసగా ఉంటే చివరిగా చూసిన పేరు నుంచి ముందుకు సాగవచ్చు. అయితే ఆర్డర్ల వ్యవస్థ ఒక గంట ఫైలును ఆలస్యంగా, తర్వాతి గంట ఫైలు వచ్చేశాక పంపితే, ఈ పద్ధతి కూడా దానిని దాటిపోతుంది.

రెండింటిలోనూ ఉన్న ఇబ్బంది ఒకటే. ఎక్కడివరకు వచ్చామో చెప్పే ఒకే ఒక్క గుర్తును నమ్ముకొని, దాని వెనుక ఉన్నదంతా పూర్తయిందని అవి అనుకుంటాయి. కాబట్టి గుర్తును వదిలి, ఏయే ఫైళ్లు చేరాయో ఒక్కొక్కటిగా రాసుకునే చిట్టాను డేటాబేస్‌లోనే ఒక టేబుల్‌గా పెట్టాను. ఫైలు పూర్తి పేరు, దాని ఈ-ట్యాగ్ (ఫైలులోని విషయం మారితే మారే ఎస్3 గుర్తు), పరిమాణం, లోడ్ అయిన సమయం, చదివిన వరుసల సంఖ్య, చేర్చిన వరుసల సంఖ్య, స్థితి అందులోని కాలమ్‌లు. పేరు, ఈ-ట్యాగ్ రెండూ కలిసి ప్రైమరీ కీ, అంటే ఆ జత రెండుసార్లు రాకూడదు. ప్రతి పరుగూ గత ఏడు రోజుల ఫోల్డర్ల జాబితాను తెచ్చుకొని, చిట్టాలో లేనివాటినే పని జాబితాగా తీసుకుంటుంది. రోజుకొకసారి బకెట్ మొత్తాన్నీ ఇలాగే చూస్తుంది. ఎప్పుడు చూడాలన్నది మాత్రమే షెడ్యూల్ చెబుతుంది. ఏమి మిగిలిందన్నది చిట్టా చెబుతుంది. రెండు రోజులు ప్రోగ్రామ్ ఆగిపోయినా, తిరిగి లేచిన మొదటి పరుగు ప్రత్యేక సూచన ఏదీ లేకుండానే అన్నింటినీ అందుకోగలదు.

ఈ-ట్యాగ్ గురించి ఒక మాట. దానిని ఫైలు ఎండీ5 విలువగా (బైట్లన్నింటి నుంచి లెక్కించే వేలిముద్ర వంటిది) భావించడం పరిపాటి. మామూలుగా ఒకే ముక్కగా పంపిన ఫైలుకు అది నిజమే కావచ్చు గాని, మల్టీపార్ట్ ఫైలుకు ముక్కల విలువల నుంచి లెక్కించిన వేరొక విలువ, చివర ఒక అడ్డగీత, ముక్కల సంఖ్య ఉంటాయి. అమెజాన్ తాళాల సేవ అయిన కేఎంఎస్ తాళంతో గుప్తీకరించిన ఫైళ్లకూ అది ఎండీ5 కాదు. అందుకని దానిని ‘మారిందా, లేదా’ అని పోల్చడానికే వాడుతున్నాను. ఫైలును తెచ్చుకునేటప్పుడు కూడా ‘ఈ-ట్యాగ్ ఇదే అయితేనే ఇవ్వు’ అనే షరతుతో అడుగుతున్నాను. జాబితా చదివిన తర్వాత, ఫైలు తెచ్చుకునే లోపల ఎవరైనా దానిని తిరగరాస్తే, షరతు తప్పిందని చెప్పే 412 జవాబు వస్తుంది. ఆ ఫైలును తర్వాతి పరుగుకు వదిలివేస్తే సరిపోతుంది. 2020 డిసెంబరు నుంచి ఎస్3 జాబితాలు, చదువులు రాత తర్వాత వెంటనే తాజా స్థితినే చూపుతున్నాయి కాబట్టి, పాత రోజుల్లోలాగ జాబితాలో ఆలస్యంగా కనిపించే ఫైళ్ల కోసం ప్రత్యేకంగా వేచి ఉండే ఏర్పాటు అవసరం లేకపోయింది.

బుధవారం: మధ్యంతర టేబుల్

సీఎస్‌వీని నేరుగా అసలు టేబుల్‌లోకి పంపకుండా, అన్ని కాలమ్‌లూ టెక్స్ట్ రకంగానే ఉన్న ఒక మధ్యంతర టేబుల్‌లోకి, ఫైలును ఒక్కసారిగా చేర్చే పోస్ట్‌గ్రెస్ కాపీ ఆదేశంతో ఎక్కిస్తున్నాను. వరుసకొక ఇన్సర్ట్ పంపడంతో పోలిస్తే కాపీ ఎంతో వేగవంతమైనది. తేదీగా, సంఖ్యగా మార్చే పని డేటాబేస్‌లోకి వచ్చిన తర్వాత జరిగితే, చెడిన విలువ ఏ వరుసలో ఉందో చూపగలుగుతాం. క్రాష్ అయితే పోయినా ఫర్వాలేని సమాచారం కాబట్టి ఈ టేబుల్‌ను అన్‌లాగ్డ్‌గా పెట్టాను. దాని రాతలు, క్రాష్ తర్వాత కోలుకోవడానికి పోస్ట్‌గ్రెస్ ముందుగా రాసుకునే వాల్ లాగ్‌లోకి వెళ్లవు.

నమూనా ఫైళ్లతో పరీక్షిస్తే ఎదురైనవి కొన్ని. కొన్ని ఫైళ్ల మొదట ఎన్‌కోడింగ్‌ను సూచించే యూటీఎఫ్-8 బామ్ అనే మూడు బైట్లు ఉన్నాయి. వాటిని తీయకపోతే మొదటి కాలమ్ పేరు పోలికలో సరిపోదు. కొన్ని టెక్స్ట్ విలువల్లో సున్నా బైట్ ఉంది. పోస్ట్‌గ్రెస్ టెక్స్ట్ రకం దానిని ఏ పరిస్థితిలోనూ స్వీకరించదు కాబట్టి, చదివేటప్పుడే తొలగించి, ఎన్ని తొలగించామో చిట్టాలో రాస్తున్నాను. కోట్ గుర్తుల మధ్యలో కొత్త లైను ఉండడాన్ని 2005లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 4180 కూడా అనుమతిస్తుంది. అందువల్ల లైన్లను లెక్కించి వరుసల సంఖ్యగా భావించరాదు. కాపీ ఆదేశపు సీఎస్‌వీ పద్ధతిలో కోట్లు లేని ఖాళీ విలువ నల్‌గాను (విలువే లేదన్న గుర్తు), కోట్ల మధ్య ఖాళీ విలువ ఖాళీ టెక్స్ట్‌గాను చేరుతాయి. మూల వ్యవస్థ ఈ తేడాను ఉద్దేశపూర్వకంగా పాటిస్తోందా అని అడిగితే పాటించడం లేదని తేలింది. కాబట్టి రెండింటినీ నల్‌గానే తీసుకుంటున్నాం.

సగంలో తెగిపోయిన ఫైళ్ల సంగతి కొంచెం సూక్ష్మమైనది. అప్‌లోడ్ పూర్తికాని ఫైలు ఎస్3లో కనిపించదు కాబట్టి ఆ భయం అక్కర్లేదు. కాని మూల వ్యవస్థే సగం రాసిన ఫైలును పూర్తిగా అప్‌లోడ్ చేస్తే? జీజిప్ చివర, చెడిపోయిందా అని సరిచూసే సీఆర్‌సీ32 విలువ, అసలు పరిమాణం ఉంటాయి. విప్పే ప్రక్రియ చివరివరకు వెళ్లి అవి సరిపోలితేనే మధ్యంతర టేబుల్‌ను నమ్ముతున్నాను. పార్కేలో వివరణ అంతా ఫైలు చివర ఉండి, నాలుగక్షరాల గుర్తుతో ముగుస్తుంది కాబట్టి తెగిన ఫైలు అసలు తెరుచుకోనే తెరుచుకోదు.

గురువారం, శుక్రవారం: విలీనం

ఈ రెండు రోజులూ దీనికే పట్టాయి, పట్టవలసిన పనే.

మధ్యంతర టేబుల్ నుంచి అసలు టేబుల్‌కు ‘ఇన్సర్ట్, ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్’ (వరుస లేకపోతే చేర్చు, ఉంటే మార్చు) ద్వారా వరుసలు చేరుతాయి. పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి ఉన్న సదుపాయమిది. ఒక ఆర్డరు గంటలో రెండుసార్లు మారితే ఫైలులో రెండు వరుసలుగా వస్తుంది. అప్పుడు ఒకే ఆదేశం ఒకే వరుసను రెండవసారి మార్చజాలదంటూ పోస్ట్‌గ్రెస్ మొత్తం ఆదేశాన్నే తిరస్కరిస్తుంది. ఇది మంచిదే, ఎందుకంటే రెండింటిలో ఏది గెలవాలో నిర్ణయించవలసింది మనం. ‘డిస్టింక్ట్ ఆన్’తో ఆర్డరు సంఖ్యకు ఒక వరుసను, మూలంలో మారిన సమయం ప్రకారం సరికొత్తదానిని ఎంచుతున్నాను. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: అవరోహణ క్రమంలో పోస్ట్‌గ్రెస్ నల్ విలువలను అన్నింటికంటే ముందు పెడుతుంది. మార్పు సమయం లేని వరుస ఒక్కటి ఉన్నా అదే సరికొత్తదిగా గెలుస్తుంది. అందుకని నల్‌లు చివరికి వెళ్లేలా క్రమాన్ని విడిగా పేర్కొన్నాను.

ఫైళ్ల మధ్య కూడా ఇదే సమస్య ఉంది. ఆలస్యంగా వచ్చిన పాత గంట ఫైలు, ఇప్పటికే చేరిన కొత్త విలువను వెనక్కి తిప్పకూడదు. అప్‌డేట్ భాగానికి ‘వచ్చిన వరుస మార్పు సమయం ఉన్నదానికంటే కొత్తదైతేనే’ అన్న షరతును చేర్చడంతో ఫైళ్లు ఏ క్రమంలో వచ్చినా, ఒకే ఫైలు ఎన్నిసార్లు నడిచినా తుది ఫలితం ఒకటే అవుతుంది. మంగళవారం నాటి చిట్టా పద్ధతి నిలబడేది దీని మీదనే, ఎందుకంటే చిట్టా ఆధారంగా వచ్చే పని జాబితాలో పాతవీ కొత్తవీ కలిసే ఉంటాయి.

ఈ షరతుకు మరొక ప్రయోజనం ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో విలువ మారకపోయినా అప్‌డేట్ జరిగితే వరుస కొత్త ప్రతి ఏర్పడి, పాతది చచ్చిన వరుసగా మిగులుతుంది; వాటిని ఊడ్చడానికి ఆటో వాక్యూమ్ పరుగెత్తాలి. దాని మామూలు అమరికలో టేబుల్‌లో దాదాపు 20 శాతం వరుసలు మారితే గాని అది కదలదు. సరుకు నిల్వల టేబుల్‌ను రోజూ పూర్తిగా తిరగరాస్తే ఆ భారం ప్రతిరోజూ పడుతుంది. అందువల్ల మార్పు సమయమే లేని ఆ టేబుల్‌కు, కనీసం ఒక కాలమ్ విలువ వేరుగా ఉంటేనే అప్‌డేట్ చేయాలని ‘ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్’ పోలికను పెట్టాను. సాధారణ అసమాన గుర్తు నల్‌ల దగ్గర నల్‌నే ఇస్తుంది కనుక అది ఇక్కడ పనికిరాదు.

అన్నింటికంటే ముఖ్యమైన నిర్ణయం ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదన్న పనుల కట్ట) హద్దు. ఒక్కో ఫైలుకు ఒక్కో ట్రాన్సాక్షన్. అందులో మొదట చిట్టాలో వరుస చేర్చడం, తర్వాత కాపీ, ఆపై విలీనం, చివర లెక్కలు నింపడం. ఏ దశలో ఆగినా ఫైలు చేరనట్టే, చిట్టాలో వరుస లేనట్టే. చిట్టాను మరొక డేటాబేస్‌లోనో, బకెట్‌లోనే ఒక ఫైలుగానో ఉంచి ఉంటే ఈ హామీ దొరికేది కాదు: సమాచారం చేరి చిట్టా రాయకముందు ఆగవచ్చు, లేదా చిట్టా రాసి సమాచారం చేరకముందు ఆగవచ్చు. చిట్టా వరుసను మొదటే చేర్చడంలో ఒక అదనపు రక్షణ కూడా ఉంది. పొరపాటున రెండు పరుగులు ఒకే ఫైలును పట్టుకుంటే, ప్రైమరీ కీ కారణంగా రెండవది మొదటిది ముగిసేవరకు ఆగి, ఆపై నకలు కీ లోపంతో వెనుదిరుగుతుంది.

చెడిన ఫైలు ఎదురైతే దాని ట్రాన్సాక్షన్ రద్దవుతుంది. కారణాన్ని వేరే లోపాల టేబుల్‌లో రాసి, ప్రోగ్రామ్ తర్వాతి ఫైలుకు వెళుతుంది. క్రమంతో పనిలేని విలీనం ఉన్నందువల్లే ఇలా ఒకదానిని పక్కన పెట్టి ముందుకు సాగగలుగుతున్నాం.

సోమవారం: షెడ్యూల్

నిర్ణీత వేళలకు పనులు నడిపే క్రాన్‌లో ఒక లైను రాయడంతో షెడ్యూల్ అయిపోతుంది గాని, గత పరుగు ముగిసిందా లేదా అన్నది క్రాన్ చూడదు. 15 నిమిషాల్లో ముగియని పరుగు మీదికి మరొకటి వచ్చి పడుతుంది. అనేక యంత్రాల మీద ప్రోగ్రామ్‌లను నడిపే కుబర్నెటీస్‌లోని క్రాన్‌జాబ్‌లో కూడా ఒకేసారి నడవడాన్ని అనుమతించడమే మామూలు అమరిక. వద్దనుకుంటే ‘ఫర్‌బిడ్’ అని విడిగా చెప్పాలి. యంత్రం మీద ఫైలు తాళం పెట్టే ఎఫ్‌లాక్ ఒక యంత్రానికే పరిమితం. ప్రోగ్రామ్ ఎక్కడి నుంచి నడిచినా చేరేది ఒకే డేటాబేస్‌కు కనుక, తాళాన్ని అక్కడే పెట్టడం సబబుగా తోచింది. పరుగు మొదట్లో పోస్ట్‌గ్రెస్ అడ్వైజరీ తాళాన్ని (టేబుళ్లను ఆపకుండా, ప్రోగ్రామ్‌లు తమలో తాము పాటించే తాళం) ప్రయత్నిస్తుంది. దొరకకపోతే ఆగి ఎదురుచూడకుండా, ‘గత పరుగు నడుస్తోంది’ అని రాసి సెలవు తీసుకుంటుంది. ప్రోగ్రామ్ కూలిపోయినా కనెక్షన్ తెగగానే తాళం విడిపోతుంది కాబట్టి, అనాథగా మిగిలిన తాళం ఫైళ్లను వెతికి చెరిపే పని ఉండదు.

ఈ తాళం సెషన్‌కు, అంటే ఒక కనెక్షన్‌కు చెందినది. మధ్యలో, కనెక్షన్లను పలువురికి పంచే పూలర్ అయిన పీజీబౌన్సర్ ట్రాన్సాక్షన్ పద్ధతిలో ఉంటే, తాళం తీసుకున్న కనెక్షన్ తర్వాతి ఆదేశానికి మరొకరి చేతికి వెళ్లవచ్చు. అందుకని ఈ ప్రోగ్రామ్ పూలర్‌ను దాటి నేరుగా డేటాబేస్‌కే కనెక్ట్ అవుతుంది.

షెడ్యూల్‌కు, ఫోల్డర్ల పేర్లకు, టేబుళ్లలోని సమయాలకు అన్నింటికీ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీయే. వేసవి సమయానికి గడియారాలు మార్చే చోట్ల, స్థానిక సమయంతో పెట్టిన రాత్రి పని ఏడాదిలో ఒకరోజు రెండుసార్లు నడిచే, మరొకరోజు అసలు నడవని అవకాశం ఉంటుంది. మన పద్ధతిలో రెండుసార్లు నడిచినా నష్టం లేదనుకోండి. కాని గంటల పేర్లున్న ఫోల్డర్లలో ఒకే గంట రెండుసార్లు వస్తే ఒక ఫైలు మరొకదానిని తుడిచివేస్తుంది.

మంగళవారం: తొలగింపులు

ఆర్డర్ల ఫైళ్లలో రద్దు అన్నది స్థితి కాలమ్‌లో ఒక విలువగా వస్తుంది కాబట్టి అక్కడ సమస్య లేదు. సరుకు నిల్వల పూర్తి ప్రతిలో మాత్రం, తొలగిన వస్తువు కనిపించకపోవడం ద్వారానే తొలగింపు తెలుస్తుంది. ఈరోజు ప్రతిలో లేని వరుసలను చెరిపివేయకుండా, ‘తొలగిన సమయం’ కాలమ్ నింపి ఉంచుతున్నాం. మళ్లీ కనిపిస్తే ఆ కాలమ్ ఖాళీ అవుతుంది.

కనిపించకపోవడాన్ని సాక్ష్యంగా తీసుకున్నప్పుడు ఆ ప్రతి సంపూర్ణమైనదని ముందుగా రుజువు కావాలి. పూర్తి ప్రతి అనేక పార్కే ముక్కలుగా వస్తుంది. ఒక్కో ముక్క ఎస్3లో అఖండంగానే కనిపించినా, ముక్కలన్నీ వచ్చాయనడానికి అది రుజువు కాదు. భారీ సమాచారాన్ని అనేక యంత్రాల మీద నడిపే హడూప్ కాలం నుంచి అలవాటుగా ఉన్న, పని పూర్తయిందని మాత్రమే చెప్పే ఖాళీ ‘సక్సెస్’ ఫైలుకు బదులు, ముక్కల పేర్లు, ఒక్కోదానిలోని వరుసల సంఖ్య ఉన్న మానిఫెస్ట్ ఫైలును చివర రాయమని మూల బృందాన్ని కోరాం, వారు ఒప్పుకున్నారు. మానిఫెస్ట్ వచ్చి, లెక్కలు సరిపోలితే తప్ప ఆ రోజు ప్రతి మీద పని మొదలు కాదు. ఇక్కడ మాత్రం ఒక్కో ముక్కకు కాక, ప్రతి మొత్తానికి ఒకే ట్రాన్సాక్షన్. పాత రోజు ప్రతి ఆలస్యంగా వస్తే, అంతకంటే కొత్త తేదీ ప్రతి ఇప్పటికే చేరి ఉన్నందువల్ల, దానిని దాటవేసినట్టు చిట్టాలో రాసి వదిలేస్తాం.

దీని మీద ఇంకొక అడ్డుకట్ట: ఒకే పరుగులో బతికి ఉన్న వరుసల్లో పదోవంతుకు మించి తొలగింపులుగా తేలితే, ట్రాన్సాక్షన్ ఆగి మనిషి ఆమోదం కోసం ఎదురుచూస్తుంది. మూలంలో ఎవరో ఒక వడపోతను మార్చితే మానిఫెస్ట్ సరిగానే ఉంటుంది, ప్రతి మాత్రం సగమే ఉంటుంది. పదోవంతు అన్నది సిద్ధాంతం కాదు, మొదటి అంచనా మాత్రమే. కొన్ని నెలలు చూశాక మార్చుకోవచ్చు.

గురువారం: చంపి చూడడం, సరిచూడడం

పరీక్షా డేటాబేస్ మీద నడుస్తున్న ప్రోగ్రామ్‌ను కాపీ మధ్యలో, విలీనం మధ్యలో, కమిట్‌కు (ట్రాన్సాక్షన్‌ను ఖాయం చేయడం) ముందు చంపి, తర్వాతి పరుగు ఏం చేస్తుందో చూశాం. మూడు చోట్లా ఫైలు మళ్లీ మొదటి నుంచి నడిచి, వరుసల మొత్తం తేడా లేకుండా వచ్చింది. తర్వాత ఒక నెల ఫైళ్లను తలకిందుల క్రమంలో, ఆపై కలగలిపిన క్రమంలో ఖాళీ టేబుల్‌లోకి ఎక్కించి, రెండు ఫలితాలను వరుసకు వరుస పోల్చాం. తేడా కనిపించినవి కొన్నే, అన్నీ ఒకే తరహావి: మార్పు సమయం సెకను వరకు ఒకటే ఉండి, విలువలు వేరుగా ఉన్న ఆర్డర్లు. అటువంటి సమానత్వంలో ముందు వచ్చినదే నిలుస్తుంది, అంటే ఫలితం మళ్లీ క్రమం మీద ఆధారపడుతుంది. మూలం సెకన్ల కంటే సూక్ష్మంగా సమయం ఇవ్వగలిగేవరకు, సమయం సమానమైతే ఫైలు పేరు, అందులోని వరుస సంఖ్యలలో పెద్దది గెలవాలని నియమం పెట్టి, ఆ రెండింటినీ అసలు టేబుల్‌లో కాలమ్‌లుగా చేర్చాం. ఏ వరుస ఏ ఫైలు నుంచి వచ్చిందో కూడా దీనివల్ల వెంటనే తెలుస్తోంది. విచారణలకు ఇది బాగా ఉపయోగపడేలా ఉంది.

హెచ్చరికల విషయంలో, లోపం వచ్చినప్పుడు మాత్రమే సందేశం పంపే ఏర్పాటు సరిపోదు. షెడ్యూలరే ఆగిపోతే ప్రోగ్రామ్ నడవదు, నడవని ప్రోగ్రామ్ లోపం పంపదు. కాబట్టి వేరే యంత్రం మీదున్న పర్యవేక్షణ వ్యవస్థ చిట్టాలోని చివరి విజయవంతమైన ఆర్డర్ల ఫైలు సమయాన్ని చూసి, అది రెండు గంటలు దాటితే పిలుస్తుంది. ఆ గంటలో ఆర్డర్లే లేకపోయినా, శీర్షిక వరుస మాత్రమే ఉన్న ఖాళీ ఫైలు పంపాలని మూల బృందంతో ఒప్పందం ఉంది. లేకపోతే నిశ్శబ్దానికీ వైఫల్యానికీ తేడా చెప్పలేం.

శుక్రవారం: మిగిలిన పనులు

కొత్త కాలమ్ వస్తే ఏం చేయాలన్నది తేలింది. శీర్షికలోని పేర్ల ఆధారంగానే కాలమ్‌లను జతచేస్తున్నాం. అదనపు కాలమ్ ఉంటే దానిని పక్కన పెట్టి హెచ్చరిక రాస్తాం, ఉండవలసినది లేకపోతే ఫైలును తిరస్కరిస్తాం. కాలమ్ పేరు మారడమంటే ఈ రెండూ ఒకేసారి జరగడమే కనుక అది కూడా తిరస్కరణే.

ప్రోగ్రామ్‌కు బకెట్ మీద జాబితా చూసే, ఫైలు చదివే అనుమతులు మాత్రమే ఇచ్చాం. చదివిన ఫైళ్లను వేరే ఫోల్డర్‌కు తరలించే ఆలోచనను వదులుకున్నాం, చిట్టా ఉన్నందువల్ల దాని అవసరం లేదు. బకెట్‌లో పాత ఫైళ్లు లైఫ్‌సైకిల్ నియమం ప్రకారం చెరిగిపోతాయి. చిట్టా వరుసలను అంతకంటే ముందు చెరిపితే రోజువారీ పూర్తి జాబితా వాటిని కొత్తవిగా చూసి మళ్లీ లోడ్ చేస్తుంది. ఫలితం చెడదు, శ్రమ వృథా అవుతుంది. లైఫ్‌సైకిల్ గడువు ఎన్ని నెలలో బకెట్ యజమానుల నుంచి రాతపూర్వకంగా అందాక చిట్టా గడువును నిర్ణయించాలి. పాత సంవత్సరాల ఆర్డర్ల ఫైళ్లను ఎక్కించే పని వచ్చే వారం మొదలవుతుంది. అవి ఇదే దారిలో, ఇదే చిట్టా ద్వారా వస్తాయి గాని, ఒక్కో పరుగులో తీసుకునే పాత ఫైళ్ల సంఖ్యకు పరిమితి పెట్టి, తాజా ఫైళ్లు ముందు నడిచేలా పని జాబితా క్రమాన్ని మార్చవలసి ఉంది.